చింతపండుతో తోమిన చక్రం

పాలెం, యానాం దగ్గర
9 జూన్ 2024

మరిది వీరబ్రహ్మానికి,

మీ వదిన లోవమ్మ సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మా నాగదుర్గా, దాని పిల్లలూ బాగున్నాం. ఇక నాకు ఫోను చెయ్యొద్దు. చెవులు పూర్తిగా పోయాయి, ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటున్నాను. మొన్న నువ్వు చేసినప్పుడు నాగదుర్గ ఫోను నా చెవికి ఆనించింది. నువ్వు ఏదో అన్నావు, నేను "తిన్నాను" అన్నాను. నువ్వు అడిగింది మోకాళ్ల నొప్పి ఎలా ఉందనట. కూతురు నన్ను చూసి ఒకటే నవ్వు. ఇక మీదట ఉత్తరాలే. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే అవి నీ ఖాతాలోవే.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నకి విగ్రహం పెడుతున్నారు. పాలెంలోకి మలుపు తిరిగే చోట, ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా. కుర్రాళ్లు కమిటీ కట్టారు, ప్రసన్నకుమార్ దానికి పెద్ద. ఆగస్టు పదిహేనున తెర తీస్తారట. కింద రాయి మీద ‘పరమవీర చక్ర పెదబాబు’ అని చెక్కిస్తారట. శిల్పి అప్పుడే ఒంటిని పోత పోసేశాడు. బూట్లు, బెల్టు, చేతుల్లో తుపాకీ, అన్నీ ఉన్నాయి. తల లేదు. ఫోటో ఇస్తే చేస్తానన్నాడు. ఫోటో ఎక్కడిది? ఉన్న ఒక్కటీ తొంభై ఆరు తుఫానులో ఇంటితో పాటే పోయింది కదా. ఆ మొండేన్ని తెచ్చి గోనె చుట్టి బడి వరండాలో నిలబెట్టారు. పిల్లలు అటు పోవడానికి జడుసుకుంటున్నారు.

బ్రహ్మం, నీకొక్కడికే చెబుతున్నాను, నవ్వకు. నాకు ఆయన మొహం గుర్తు రావడం లేదు. నడక గుర్తుంది, గొంతు గుర్తుంది, స్నానం చేసొచ్చి తల తుడుచుకునే తీరు గుర్తుంది. మొహం తలుచుకుంటే నీ మొహం వస్తోంది, అదీ నువ్వు ముసలాడివయ్యాక ఉన్నది. నేను పోయేలోగా ఒక్కసారి ఆ మొహం చూడాలి. ఇది కమిటీ కోసం కాదు, నా కోసం అడుగుతున్నాను.

టీవీలో చూపించారు. ఢిల్లీలో యుద్ధాల్లో పోయినవాళ్లకి పెద్ద కట్టడం కట్టి, పరమవీర చక్రం వచ్చినవాళ్లందరి విగ్రహాలు ఛాతీ దాకా చేసి వరసగా పెట్టారు. మీ అన్నదీ ఉంటుంది. నువ్వు ఉన్నది ఆ ఊళ్లోనే. మీ అమ్మాయి సత్యవాణిని ఒక ఆదివారం తీసుకెళ్లమను. ముందు నుంచి ఒకటి, పక్కల నుంచి రెండు ఫోటోలు తీసి పంపండి. ప్రసన్నకుమార్ మాత్రం "నెట్లో ఆ పేర్లలో తాతయ్య పేరు కనబడలేదు మామ్మా" అన్నాడు. నెట్లో లేకపోతే మనిషి లేనట్టేనా అని కసిరాను.

ఎండలో తిరగకు. ఉప్పు తగ్గించు.

నీ వదిన,
లోవమ్మ


ఢిల్లీ
20 జూన్ 2024

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా, ముప్పై ఏళ్ల కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. విగ్రహం సంగతి విని సంతోషించాను. అయితే ఇక్కడ ఎండలు నలభై ఆరు దాటాయి. ముప్పై ఆరేళ్లు గూడ్సు బండి వెనక డబ్బాలో కూర్చుని పచ్చజెండా ఊపినవాణ్ణి, నాకు ఎండ కొత్త కాదు కానీ, సత్యవాణి గడప దాటనివ్వడం లేదు. దానికి ఆఫీసు పని కూడా ఎక్కువగా ఉంది. వానలు పడ్డాక చూద్దాం.

ఈలోగా ఊరికే కూర్చోలేక, మా కాలనీ లైబ్రరీలో ఈ పతకాల చరిత్ర చదువుతున్నాను. చాలా ఉంది వదినా. ఇంగ్లీషువాళ్ల కాలంలో అన్నిటికన్నా పెద్దది విక్టోరియా క్రాస్. 1856లో రాణిగారు పెట్టారు. శత్రువుల దగ్గర పట్టుకున్న ఫిరంగుల కంచు కరిగించి చేస్తారని చెప్పుకుంటారు. బంగారం కాదు, వెండి కాదు, కంచు. అన్నిటికన్నా పెద్దదాన్ని అన్నిటికన్నా చవక లోహంతో చేశారు.

అయితే మన సిపాయిలకి అది 1911 దాకా ఇవ్వనే లేదు. వాళ్ల సైన్యంలోనే, వాళ్ల పక్కనే నిలబడి పోరాడినా మనవాళ్లకి వేరే పతకం ఉండేది. ఇద్దరూ ఒకే గోడ ఎక్కినా దొరకి ఒకటి, సిపాయికి ఒకటి. అంటే ఎవరికి ఏ పతకం అన్నది ధైర్యం ఒక్కటే చూసి తేల్చింది కాదు. ఎక్కడ, ఎవరి ఎదుట, ఏ హోదాలో అని ఎన్నో చూస్తారు. పతకం చిన్నదైతే మనిషి చిన్నవాడని కాదు. ఈ ముక్క నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

నాగదుర్గకి, పిల్లలకి నా దీవెనలు చెప్పు.

మరిది,
వీరబ్రహ్మం


పాలెం
30 జూన్ 2024

బ్రహ్మానికి,

నేను మొహం అడిగితే నువ్వు ఫిరంగి పంపావు. చిన్నప్పుడు లెక్కలు చేశావా అని మాస్టారు అడిగితే కడుపునొప్పి అనేవాడివి. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? సత్యవాణి తీసుకెళ్లనంటోందా? దానికి వేరే కాగితం మీద నాలుగు అక్షింతలు వేసి ఈ కవరులోనే పెట్టాను, చదవమను. ఎండు రొయ్యలు కిలో పార్సిలు చేయించాను. అవి తిని సిగ్గు తెచ్చుకుని వెళ్లిరండి.

పతకం చిన్నదీ పెద్దదీ అని నాకెందుకు రాశావో తెలియలేదు. మనది పెద్దదేగా. శుక్రవారం శుక్రవారం ఇప్పటికీ నేనే తోముతాను. చింతపండు పెట్టి, ఇటుకపొడి వేసి, నువ్వు చెప్పినట్టే. నాగదుర్గని ముట్టుకోనివ్వను. వెనకా ముందూ నున్నగా అద్దంలా అయిపోయింది, నా బొట్టు అందులో చూసి దిద్దుకోవచ్చు. బొట్టు ఎక్కడుందిలే, మాటవరసకి అన్నాను.

ఇక్కడ ఒక కబురు. మన పక్కింటి మరిడమ్మ మొగుడు, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి పోయాడు. మూడు రోజులు వెతికారు, దొరకలేదు. అమావాస్య నాడు రేవులో దీపం వదిలారు. నీకు మన వాడకట్టు ఆనవాయితీ గుర్తుందో లేదో, ఢిల్లీ నీళ్లు తాగుతున్నావు. నీళ్లలో పోయినవాడి కబురు ఎవరు తెస్తారో వాళ్లే వత్తి వెలిగించాలి, పెళ్లాం దాన్ని నీళ్లలో వదలాలి. అప్పుడే ఆ మనిషికి దారి కనబడుతుంది. కూడా పడవలో ఉన్న వెంకటేష్ కబురు తెచ్చాడు, వాడే వెలిగించాడు. వాడి చేతులు వణికి నాలుగు పుల్లలు ఆరిపోయాయి. మరిడమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఓపిగ్గా ఆగింది. చూస్తుంటే నాకు అసూయ వేసింది బ్రహ్మం. దానికి చెయ్యడానికి ఒక పని ఉంది. నా మొగుడు తూటాకి పోయాడు, నాకు ఆ పని కూడా లేదు.

నాకు ఆయన మీద కోపం పోలేదు. నీకు తెలుసు. పురిటికి వస్తానని కార్డు రాశాడు. రాసినవాడు తూటాకి ఎదురెళ్లడమేమిటి? దేశం పెద్దదే, కాదనను. నేనూ, నా కడుపులో పిల్లా మరీ అంత చిన్నవాళ్లమా? ఆ మొహం చూసి ఒకసారి అడగాలని ఉంది. అందుకే తొందర పెడుతున్నాను.

శిల్పి జులై నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

నీ వదిన,
లోవమ్మ


ఢిల్లీ
12 జులై 2024

వదినకు,

రొయ్యలు అందాయి. సత్యవాణి నీ చీవాట్లు చదువుకుని ఒక పూట అన్నం మానేసింది. దాని తప్పు ఏమీ లేదు. నిజానికి తీసుకెళ్తానని అది మూడుసార్లు అడిగింది.

మొన్న ఆదివారం వెళ్లాం. చెట్ల మధ్య చుట్టూ తిరిగే దారి, దారి పక్కన కంచు విగ్రహాలు. చాలా శుభ్రంగా ఉంది. జనం చెప్పులు విప్పకపోయినా విప్పినట్టే నడుస్తున్నారు. ఫోటోలు తీద్దామనేసరికి సత్యవాణి ఫోను ఆగిపోయింది. మళ్లీ వెళతాం.

మన పరమవీర చక్రం కథ రాస్తాను విను. 1950 జనవరి 26న, రిపబ్లిక్ అయిన రోజునే దీన్ని పెట్టారు. కానీ 1947 ఆగస్టు పదిహేను నుంచీ చేసిన సాహసాలకి వర్తిస్తుందన్నారు. ఆ పతకానికి బొమ్మ గీసింది ఒక పరదేశపు ఆడమనిషి. మన సైన్యంలోని ఆఫీసరుని పెళ్లాడి ఇక్కడికి వచ్చి, సంస్కృతం నేర్చుకుని, పురాణాలన్నీ చదివిందట. పతకం మధ్యలో నాలుగు సింహాల ముద్ర, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. వజ్రాయుధం దధీచి మహర్షి ఎముకలతో చేసినది కదా. దేవతలు వచ్చి అడిగితే ఆయన తన ఒంట్లో ఎముకలు ఇచ్చేశాడు. అందుకని ఆ గుర్తు. ఇంకో వింత ఏమిటంటే, ఆ పతకం పొందిన మొట్టమొదటి వీరుడు ఆమె కూతురికి స్వయానా బావగారట. బతికి లేడు. బొమ్మ గీసిన చెయ్యికి అది తన ఇంటికే వస్తుందని తెలియదు కదా.

ఇన్నేళ్లలో అది వచ్చింది ఇరవై ఒక్కమందికే. అందులో పధ్నాలుగుమందికి పోయాకే వచ్చింది. శత్రువు ఎదురుగా ఉండగా చూపిన తెగువకే అది ఇస్తారు. శత్రువు లేని చోట ప్రాణం ఇచ్చినవాళ్లకి వేరే చక్రాలు ఉన్నాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అది నాకు న్యాయంగా అనిపించదు.

మరిది,
వీరబ్రహ్మం


పాలెం
22 జులై 2024

బ్రహ్మానికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో దధీచి ఉన్నాడు, సింహాలు ఉన్నాయి, పరదేశపు ఆవిడ ఉంది. మీ అన్న లేడు. వెళ్లినవాడివి అన్న ఎదురుగా నిలబడి ఉంటావు కదా, ఆయన ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయలేదేం? నాకు అర్థమైంది. మొహం సరిగా చెయ్యలేదు. నేను బాధపడతానని దాస్తున్నావు. ముక్కు వంకరగా పెట్టారా? తూటా దెబ్బ చూపించారా? ఎలా ఉన్నా నేను చూడగలను.

దధీచి గురించి ఒకటి అడుగుతాను. దేవతలు వచ్చి ఎముకలు అడిగినప్పుడు, ఆయన ఇంట్లో ఆడమనిషిని ఎవరైనా ఒక మాట అడిగారా? ఆవిడ ఏమందో కూడా ఆ పుస్తకాల్లో చూసి రాయి. అది తెలుసుకోవాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఇక నిన్ను బతిమాలను. నేనే వస్తున్నాను. నాగదుర్గా నేనూ ఆగస్టు ఆరున సామర్లకోటలో ఎక్కుతున్నాం. టికెట్లు అయిపోయాయి. ప్రసన్నకుమార్ కూడా వస్తాడు, మంచి ఫోను ఉంది వాడికి. డెబ్బై ఆరేళ్లకి ఢిల్లీ చూస్తున్నాను. మొగుడి మొహం చూడ్డానికి పెళ్లాం రైలెక్కిందంటే పాలెంలో అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ. చీర కూడా ఎంచి పెట్టుకున్నాను, ఆయన సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిన ఆకుపచ్చది తుఫానులో పోయింది కాబట్టి అలాంటి రంగుదే ఇంకొకటి కొన్నాను.

స్టేషనుకి రా. నన్ను గుర్తుపట్టలేకపోతే అరవకు, వినబడదు. చెయ్యి ఊపు, అది నీకు అలవాటేగా.

నీ వదిన,
లోవమ్మ


ఢిల్లీ
27 జులై 2024

వదినా,

టికెట్లు రద్దు చేయించు. ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి ఆ ఇరవై ఒక్క మొహాల మధ్య నువ్వు వెతుక్కుంటుంటే నేను చూడలేను. అక్కడ అన్న లేడు. ఫోను ఆగిపోయిందన్నది అబద్ధం. లేడని నాకు వెళ్లకముందే తెలుసు. యాభై ఆరేళ్లుగా తెలుసు.

అరవై ఎనిమిది అక్టోబరులో తంతి వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో ఇంగ్లీషు ముక్క చదవగలిగేవాణ్ణి నేనొక్కడినే. నాన్న వల బాగుచేస్తున్నాడు. పోస్టుమాను కంచె దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నేను మొదట నాలో నేను చదువుకున్నాను. నదిలో మునిగి పోయాడని ఉంది. తోటివాళ్లను కాపాడుతూ అని ఉంది. దేహం దొరకలేదని ఉంది. నాన్న దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను.

నాన్న నా మెడ పట్టుకున్నాడు. "నీళ్లలోనా? నా కొడుకు నీళ్లలో పోవడమేంటి? ఈతకు మించిన లోతు లేదని చెప్పి వాణ్ణి మూడో ఏట గౌతమిలోకి విసిరినోణ్ణి నేను. రేపు రేవులో జనం ఏమంటారు? చేపపిల్లకి ఈత రాలేదంటారు. తూటా తగిలిందని చదువు. గట్టిగా చదువు" అన్నాడు. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు, ఏడో నెల. నేను గట్టిగా చదివాను. ఆ ఏడు యుద్ధమే లేదు. సరిహద్దులో కాల్పులని నాన్న అందరికీ చెప్పాడు. ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు కాకినాడలో కలెక్టరు గారు నీ చేతిలో పెట్టింది శౌర్య చక్రం. శత్రువు ఎదురుగా లేని చోట చూపిన సాహసానికి ఇచ్చే మూడు చక్రాల్లో మూడోది. అదీ గుండ్రమే, అదీ కంచే. బస్సు దిగుతూనే పరమవీర చక్రమని నాన్న చాటాడు. దాని వెనక పతకం పేరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. ఎవరైనా చదువుకున్నవాడు వచ్చి చూస్తాడేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు నీతో అన్నాను, "కంచు వస్తువు వదినా, వారం వారం చింతపండు, ఇటుకపొడి వేసి తోమకపోతే కిలుం పడుతుంది" అని. కిలుం కోసం కాదు. ఆ పేరు అరిగిపోవాలని. నీకు అక్షరాలు నేర్పినవాణ్ణీ నేనే, నీ చేతనే అక్షరాలు అరగదీయించినవాణ్ణీ నేనే.

నాన్న పోయినప్పుడు చెబుదామనుకున్నాను. నాగదుర్గ పెళ్లప్పుడు అనుకున్నాను. ప్రతిసారీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఊరుకున్నాను. మరిడమ్మ దీపం గురించి నువ్వు రాసిన రోజు నాకు అన్నం సహించలేదు. అన్నకి ఆ దీపం లేకుండా చేసింది నేను.

దధీచి భార్య సంగతి అడిగావు. చూశాను. ఆవిడ ఇంట్లో లేనప్పుడు దేవతలు వచ్చారట. తిరిగొచ్చి జరిగింది తెలుసుకుని వాళ్లందర్నీ శపించిందట. నువ్వూ ఏదైనా అను వదినా, పడతాను.

వీరబ్రహ్మం


పాలెం
3 ఆగస్టు 2024

వీరబ్రహ్మానికి,

టికెట్లు రద్దు చేయించాను. విగ్రహం ఆపించాను. ఎందుకని కమిటీవాళ్లు అడిగారు. తల లేదన్నాను.

ఉత్తరాలు రాయకు.

లోవమ్మ


బెంగళూరు
12 సెప్టెంబరు 2024

వదినకు,

రాయకన్నావు. ఈ ఒక్కటీ చదివి, ఆ తర్వాత నీ ఇష్టం.

అన్న పనిచేసిన దళం కేంద్రం ఈ ఊళ్లో ఉంది. ముందు వాళ్లకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. రైల్వే పాసు ఉంది కదా అని నేనే బయల్దేరాను. సత్యవాణి వద్దంది, వినలేదు. గేటు దగ్గర రెండు రోజులు కూర్చున్నాక ఒక సుబేదారు గారు లోపలికి పిలిచి టీ ఇచ్చారు. పేరు, ఏడాది చెప్పాను. ఆయన ఫైలు తీయలేదు, కాగితం చూడలేదు. "రండి" అని ఒక హాల్లోకి తీసుకెళ్లారు. శౌర్యం చూపినవాళ్ల ఫోటోలన్నీ గోడ మీద వరసగా ఉన్నాయి. కిటికీ పక్కన, పై వరసలో అన్న ఉన్నాడు వదినా. యాభై ఐదేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఎవరో రోజూ తుడుస్తున్నారు, అద్దం మీద దుమ్ము లేదు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. సుబేదారు గారూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

కింద రాసినదంతా నాకు చదివి వినిపించారు. తెలుగులో చెబుతాను. ఉత్తరాన ఒక కొండ నదికి వరద. అవతలి ఒడ్డున ఊరి జనం చిక్కుకుపోతే వాళ్లకోసం మన సిపాయిలు పడవల వంతెన వేస్తున్నారు. పదకొండుమంది ఉన్న పడవ తిరగబడింది. అన్న ఆ పడవలో లేడు, గట్టు మీద ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే దూకాడు. ఒక్కొక్కళ్లనీ జుట్టు పట్టుకుని తెచ్చాడు. ఏడుగుర్ని తెచ్చాడు. ఏడోసారి గట్టుకి వచ్చినప్పుడు చాలని ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఆపాడట. "ఇంకా కేక వినబడుతోంది సార్" అని విడిపించుకుని వెళ్లాడు. అంతే.

ఫోటో కాపీ తీయించి ఇచ్చారు. ఇందులో పెట్టాను. సైన్యంలో చేరిన రోజు తీసినది, ఛాతీ దగ్గర పలక, పలక మీద సుద్దతో నంబరు. నేను ఈ ఉత్తరంలో క్షమించమని అడగడం లేదు. నువ్వు అడిగింది మొహం, అది పంపుతున్నాను.

వీరబ్రహ్మం


పాలెం
6 అక్టోబరు 2024

బ్రహ్మం,

ఫోటో అందింది. కవరు చింపి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూడలేదు. నాగదుర్గ తిప్పింది.

ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది, వలకి కట్టే గుండు తగిలింది. అది చూడగానే మిగతా మొహమంతా దానంతట అదే వచ్చేసింది. నేను మరిచిపోలేదు బ్రహ్మం, ఎక్కడో అడుగున ఉంది. కానీ ఎంత చిన్నవాడు! నాగదుర్గ కొడుకు ఉదయ్‌కన్నా చిన్నవాడు. మీసం కూడా సరిగా లేదు. నేను డెబ్బై ఆరేళ్ల ముసల్దాన్ని, ఈ కుర్రాడి మీదా ఇన్నాళ్లూ కోపం పెట్టుకున్నాను అనిపించి ఏడ్చాను. నాగదుర్గ తండ్రిని మొదటిసారి చూసింది. అది ఏడవలేదు. పలక మీద నంబరు చదివి, "నాన్న పలక పట్టుకున్నాడే" అంది.

నీ తంతి సంగతి చదివినప్పుడు నిన్ను పట్టుకుని రేవులో ముంచాలనిపించింది. ఇప్పుడూ కోపం పోయిందనుకోకు. మామయ్యకి పరువు, నీకు భయం. నా సంగతి ఎవరికీ పట్టలేదు. కానీ ఒకటి చెబుతాను. తూటాకి ఎదురెళ్లిన ఆ మనిషెవరో నాకెప్పుడూ తెలియలేదు. నా మొగుడు అలాంటివాడు కాదు, పందెం కోడిని పట్టుకోవడానికే జంకేవాడు. నీళ్లలో కేక వినబడితే మాత్రం ఆగేవాడు కాదు. కుక్కపిల్ల కొట్టుకుపోతుంటే వరదలో దూకి నా చేత తిట్లు తిన్నాడు. ఎనిమిదోసారి వెళ్లినవాడు నాకు తెలుసు. అక్కడ నేనున్నా ఆపలేకపోయేదాన్ని. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది ఎవరినో.

కమిటీవాళ్లని పిలిచి అంతా చెప్పాను. ఒకడు, "మామ్మా, పరమవీరనే ఉంచుదాం, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నాకు తెలుస్తుందన్నాను. రాయి మీద ‘శౌర్య చక్ర పెదబాబు, ఏడుగురిని ఒడ్డుకు చేర్చాడు’ అని చెక్కమన్నాను. తుపాకీ తీసేయించాను. సిమెంటు గట్టిపడిపోయింది, తీస్తే చేతులు ఖాళీగా ఉంటాయని శిల్పి అన్నాడు. ఖాళీగానే ఉండనీ అన్నాను. ఇప్పుడు చూస్తే ఎవరినో అందుకోవడానికి ముందుకు చాపినట్టే ఉన్నాయి. తల వచ్చే నెల పెడతాడు.

చక్రం తోమడం మానేశాను. నల్లబడుతోంది. నల్లబడనీ.

మొన్న మహాలయ అమావాస్య సాయంత్రం దీపం పట్టుకుని రేవుకి వెళ్లాను. నాగదుర్గ అగ్గిపుల్ల గీయబోయింది. వద్దన్నాను. కబురు తెచ్చినవాడు వెలిగించాలి కదా, వాడేడీ? చీకటి పడేదాకా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆ దీపాన్ని అలాగే ఇంటికి తెచ్చేశాను.

యాభై ఆరేళ్లు ఆలస్యమైనా కబురు తెచ్చినవాడివి నువ్వే. అక్టోబరు ముప్పై ఒకటిన దీపావళి అమావాస్య. వత్తి చేసి నూనెలో వేశాను. నీ చేతులు ఎలాగూ వణుకుతాయి, అందుకని అగ్గిపెట్టెలు రెండు తెప్పించాను. ఎన్ని పుల్లలు ఆరిపోయినా నీళ్లలో ఆగుతాను.

దీనికి జవాబు రాయకు. రా.

నీ వదిన,
లోవమ్మ